ఫోటో కింద రాసిన మాట

ఆ రోజు ఫోను నాది.
ముందా మాట చెప్పేస్తే
తక్కినవి కాస్త తేలిక.

మందస దాటి, ఆటో ఇక రానన్న చోట దిగి
మెడలో కెమెరాతో జీడితోటల్లోంచి ఎక్కాను.
బడి తాళం కప్పలో కందిరీగ కాపురం పెట్టింది.
కిటికీలోంచి చూస్తే నల్లబల్ల మీద
మార్చి నెల తేదీ ఇంకా చెరగలేదు.
డెస్కు వాళ్ళు పొద్దుటి నుంచి ఒకటే పోరు:
"ఆన్‌లైన్ చదువుల మీద మంచి ఫోటో ఒకటి పడేయ్,
గుండె తడవాలి."

సవర కౌసల్య పిక్కలు ఏరుతోంది.
ఆరో తరగతి. యూనిఫారం వేసుకు రమ్మన్నాను.
వంగిన కొమ్మ మీద కూర్చోబెట్టి
నా ఫోను చేతికిచ్చాను.
సిగ్నల్ లేదు. ఛార్జింగూ అయిపోయి
తెర నల్లగా పడుకుంది.
"ఏటి సూడాల బాబూ?"
"చదువుతున్నట్టు చూడమ్మా, చాలు."
"ఇందల నా మొకమే అగుపడతంది."
"అదే చూడు."
చూసింది. ఎంత శ్రద్ధగా చూసిందని!

కొమ్మ నిజం. కొండ నిజం.
జారిన జడ, మోకాలి మీద జీడిసొన మచ్చ,
అన్నీ నిజం.
నేను పెట్టింది ఒక్క క్రియ:
కొండకొమ్మన పాఠం వింటున్న విద్యార్థిని.

జిల్లా పేజీలో నాలుగు కాలాలు వేశారు.
లైను లెక్కన రావలసినదానికన్నా
నూట ఇరవై ఎక్కువొచ్చింది.
చేపలు కొన్నాను.

వారం తిరక్కుండా
పలాస కాంప్లెక్సు దగ్గర టీ కొట్టుకి
కూర్మారావు మాస్టారొచ్చారు.
నాకూ ఏడులో లెక్కలు చెప్పిన మనిషి.
వారానికి రెండు పూటలు కొండెక్కి
చెట్టు కింద బల్ల ఆనించి చెబుతానని
అర్జీ పెట్టారట.
ఆఫీసులో నా ఫోటో కత్తిరించి చూపించారట,
అక్కడ పిల్లలు వింటున్నారు కదండీ, అని.
తిట్టలేదు. గ్లాసు కింద పెట్టి అడిగారు:
"ఏ పాఠంరా?"

ఆయన క్లాసులో
"వింటున్నాను మాస్టారూ" అన్న అబద్ధం
ఆయన మూడో బెంచీకి నడిచొచ్చేదాకానే బతికేది.
వచ్చి నిలబడేవారు. అంతే.
సుద్దముక్క వాసన, చెమట వాసన,
మన కళ్ళలోకి ఒక చూపు.
దొరికిపోయేవాళ్ళం.
దొరికిపోయాకే ఎక్కేది త్రైరాశికం.
ఆ నడకే రేపు నా పని కూడా అని
ఎవరూ చెప్పలేదు నాకు.
చెప్పే ఉంటారు. వినుండను.

ఆ రాత్రి మూడు వాక్యాలు రాసి
పైన 'సవరణ' అని పెట్టి పంపాను.
ఆ మాటలో సవర ఉందని అప్పుడే కనబడింది.
"పాత ముచ్చట, వదిలెయ్" అంది డెస్కు.
వదిలేశాను.
ఇదీ రాయాలి కదా: వదిలేశాను.

ఇప్పుడు శ్రీకాకుళంలో, మేడ మీద అద్దె గదిలో,
ఆదివారాలు జర్నలిజం పిల్లలకి
లాప్‌టాప్‌లో పాఠం చెబుతున్నాను.
ఇవాళ్టిది: వార్తలో నిజాయితీ.
ముప్పై ఎనిమిది నల్ల గళ్ళు, గళ్ళలో పేర్లు.
ఏ గడిలోకి చూసినా
నా మొకమే అగుపడతంది.
"వినిపిస్తోందా?"
వినిపిస్తోంది సార్, అని మూడు చోట్ల అక్షరాలు.
ఆ ఫోటో చూపించాను. అంతా చెప్పాను,
చేపల సంగతి తప్ప.

చాలాసేపటికి ఒక గడి గొంతు విప్పింది.
వెనకాల కుక్కర్ కూత.
"ఆ అమ్మాయి ఇప్పుడేం చేస్తోంది సార్?"

చదువుకుంటోంది, అనబోయాను.
నాలుక చివరిదాకా వచ్చి
అదే కొమ్మ మీద కూర్చుంది
ఇంకో క్రియ.
"తెలీదమ్మా" అన్నాను.
"కనుక్కుని చెబుతాను."

మందస బస్సు పొద్దున్న ఆరున్నరకి.
అక్కణ్ణించి నడక.