ఏకిన చప్పుడు

ఆదోని పాత బస్టాండు వెనక సందులో నా అంగడి.
జిరాక్సు, లామినేషను,
మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును.
తక్కిన అక్షరాలన్నీ ఎండకు వెలిసిపోయి
బోర్డు మీద 'ఎక్కించబడును' ఒక్కటే మిగిలింది.

యార్డు నుంచి పత్తి బండ్లు మళ్ళే వేళ
దస్తగిరమ్మ వచ్చింది.
కొంగుముడి విప్పి పెన్‌డ్రైవు,
రైకలోంచి బటన్ల ఫోను,
రెండూ గాజుబల్ల మీద పెట్టి
"దీంట్లోది దీంట్లోకి పొయ్యప్పా" అంది
బిందెలోంచి చెంబులోకి అన్నట్టు.

ఒకే ఒక్క ఫైలు.
నాలుగు వందల పన్నెండు ఎంబీ.
యూనివర్సిటీ పిల్ల ఎవరో పెద్ద మైకు తెచ్చి
హుసేనప్ప దూది ఏకుతుంటే పట్టుకుందంట.
పోతా పోతా
"ఏదీ పోకుండా దాచినా పెద్దమ్మా" అని చెప్పిందంట.
నిజమే, ఏదీ పోలేదు.
హుసేనప్ప పొయ్యి రెండేండ్లు.

నేను విన్నా.
టుంయ్... టుంయ్...
నరం తెగేలా లాగి వదిలిన విల్లు,
దాని తోకలో సన్నగా ఇంకేదో,
పరుపు సూది మొన మీద ఎండ పడినట్టు.
మధ్యలో దగ్గు. ఎవరో మేకను అదిలించడం.
ఆ ఫోనుకు ఇంత చప్పుడు మింగుడు పడదు.
మార్చాలమ్మా, అన్నా.

ఊరికే మార్చిపెట్టే చోటొకటి నెట్టులో తెరిచి
ఫైలు ఈడ్చి వదిలినా.
మూడు శాతం. నాలుగు.
పక్కనే బట్టతల మీద వెంట్రుకలు మొలిపించే ప్రకటన.
పదకొండు దగ్గర కరెంటు పోయింది.
మళ్ళీ ఒకటి నుంచి.

"యాడికి పోతాండాదప్పా అది?"
తెలీదమ్మా. ఏ దేశమో.
పని కాగానే గంటలో వాళ్ళే తుడిపేస్తారంట.
"ఆయప్ప పత్తికొండ దాటి పోయిందే లేదు" అంది,
తెర మీద పాకే పచ్చగీతను
బస్సెక్కించిన మనిషిని చూసినట్టు చూస్తా.

నలభై నిమిషాలకు తిరిగొచ్చింది.
పంతొమ్మిది ఎంబీ.
"తక్కింది?"
చెవికి అందనిది తీసేస్తాదమ్మా.
పెద్ద చప్పుడు వెనక నక్కిన చిన్న చప్పుళ్ళు,
మరీ సన్నవి...
"ఏకినట్టా?"
ఏకినట్టే, అన్నా. గండం గడిచిందనుకున్నా.

నవ్వింది.
"ఏకితే దూది ఉబ్బుతాది నాయనా.
చారెడు పెడితే చాపంత లేస్తాది.
తగ్గిపోతే అది ఏకుడు యాడయితాది?"
కాసేపాగి,
"నుసి రాల్తాది, అది నిజమే.
పుల్ల, ఆకు తునక,
మిల్లు పండ్ల సందున తప్పించుకున్న గింజ.
గింజల్ని మాత్రం ఆయప్ప ఏరి పక్కన పెట్టేటోడు.
దూది మొలవదు గదా."

నా దగ్గర జవాబు లేదు.
ఇరవై రూపాయలు తీసుకున్నా.

నిలబడే వినింది, ఫోను చెవికి ఆనించి.
దగ్గు దగ్గర తల ఊపింది.
మేక దగ్గర, "మా చిన్నక్కది అది, శానా చెడ్డది" అంది.
సరిపోయినట్టే ఉంది.
మరి పెన్‌డ్రైవు? ఖాళీ చేసి సినిమా పాటలు వేసేదా, అంటే
చటుక్కున లాక్కుని ముడేసుకుంది.
"ఇది ఇత్తనాలకు."

ఆమె పోయినాక షట్టరు సగం దించి
ఐదునూర్ల స్పీకర్లలో
రెండూ ఒకదాని వెనక ఒకటి పెట్టి విన్నా.
తేడా పట్టలేకపోయినా, ఒట్టు.
ఒక్క టుంయ్ తోకలో ఆ ఎండ ఉందా లేదా అని
పదిసార్లు వెనక్కి తిప్పినా.

పొద్దున ఎవరిదో డ్రైవు సందులో దిగనంటది.
అగ్గిపుల్లతో గీకితే
తెల్లటి పోగు ఒకటి.
ఊదినా.
ఫ్యాను గాలికి లేచి
బోర్డు దాకా పోయింది,
ఆ తర్వాత కనపడలేదు.