హబ్బు చల్లారేదాకా

వేట నిషేధం మొదలైన పదకొండో రోజు
పల్లిపాలెం ఒడ్డున పడవలన్నీ బోర్లా పడుకుని
ఎండకి వీపులిచ్చాయి.
నేను ట్రైలరు కింద దూరాను.

పాత జీపు ఇరుసు మీద
నర్సాపురం వెల్డింగు షాపులో పుట్టింది ఇది.
దీనికెవరూ పేరు పెట్టలేదు.
పడవకి పసుపు, పడవకి కొబ్బరికాయ,
పడవకి కళ్ళు కూడా దిద్దారు.
మోసేదానికి ఏడాదికోసారి పైపైన ఇంత గ్రీజు,
అదీ మా ఆయన పులిమాడంటే
పెళ్ళిలో తోడల్లుడికి గంధం పూసినట్టు.

కిందటి తుఫానుకి తెలిసింది.
మూడో నంబరు జెండా ఎగరేసిన రాత్రి
ఏటిగట్టు మీద, సరిగ్గా మలుపులో
ఎడమ చక్రం కీచుమని, తర్వాత మూలిగి,
తర్వాత ఏమీ అనలేదు.
ముందు వాన, వెనక రాజోలు బస్సు,
మధ్యలో మా పడవ
నేల మీదే మునిగిపోయింది.
ఇరవై మంది భుజాలు పెట్టారు.
సంగాడి వీరాస్వామి నడుం ఇప్పటికీ
అమావాస్యకి నన్ను తలుచుకుంటుంది.

ఇవాళ జాకీ ఎత్తి, మూత ఊడగొట్టి,
కాటరు పిన్ను కాళ్ళు నిటారుగా చేసి లాగాను.
లోపల గ్రీజు లేదు,
విరిగిన పాల రంగులో ఏదో ఉంది.
ఆయిల్ సీలు పెదవి చిరిగింది.
రోలర్లు ఒక్కొక్కటీ గారపట్టిన పళ్ళు.
వేలితో కదిపితే కరకర,
సముద్రమంతా ఇంత చిన్న గిన్నెలో.

ఫోనులో జిలానీ, బస్టాండు వెనక షాపు నుంచి:
"వేడి హబ్బుని నీళ్ళలో దింపారమ్మా.
దారంతా కాలి వచ్చింది కదా,
చల్లగా తగలగానే లోపలి గాలి ముడుచుకుని
గుటకేస్తుంది."

పదేళ్ళుగా తాగుతోందన్నమాట గోదారిని.
మేం పడవనే చూస్తుంటే
మా కాళ్ళ పక్కనే
గుటక గుటకగా.

పాత కప్పుని ఇత్తడి కడ్డీతో కొట్టి దింపాను,
ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి, వంకర పోకుండా.
కొత్తది పూర్తిగా కూర్చోగానే సుత్తి గొంతు మారుతుంది,
టక్కుటక్కుమన్నది టంగుమంటుంది.
అది విన్నాక ఇంక కొట్టకూడదు.

గ్రీజు నీలంగా ఉంది.
ఎడమ అరచేతిలో నిమ్మకాయంత తీసుకుని
బేరింగు వెడల్పు అంచుతో గీరుతూ, నొక్కుతూ,
అవతలి వైపు రోలర్ల సందుల్లోంచి
సన్నగా పురుగుల్లా బయటికొచ్చేదాకా.
జంతికలు ఒత్తిన చెయ్యే ఇది,
రొయ్య తల తుంచిన చెయ్యే.
దీనికి నేర్పక్కర్లేదు.
పైన పూస్తే సరిపోదని చెప్పాల్సింది
మా ఆయనకి.

చక్రం తిప్పుతూ నట్టు గట్టిగా బిగించాను.
మళ్ళీ వెనక్కి ఒక్క పిసరు.
"పిసరంటే ఎంత?"
"పిసరంటే పిసరేనమ్మా.
ఫోను హబ్బు దగ్గర పెట్టు."
తిప్పాను.
అవతల బస్టాండు గోల, ఎవరో అమలాపురం అమలాపురం అని,
మధ్యలో ఆయన ఊపిరి.
చక్రం తిరిగి తిరిగి తనంతట తనే ఆగింది.
"ఏం వినపళ్ళేదు," అన్నాడు.
నా గుండె జారింది.
"అదేనమ్మా కావల్సింది."

కిరసనాయిలుతో, ఇసకతో, సబ్బుపొడితో కడిగినా
గోళ్ళ కింద నీలం మిగిలింది.
ఆ చేత్తో చింతపండు పిసుకుతుంటే అత్త చూసింది,
ఏమీ అనలేదు,
తినేటప్పుడు మాత్రం మొదటి ముద్ద వాసన చూసింది.

నిషేధం ఎత్తేసిన తెల్లారి
రేవు వాలు దగ్గర ట్రాక్టరు ఆగింది.
ఆపింది నేనే.
జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటి మీద వేసినట్టు
హబ్బు మీద చెయ్యి వేశాను.
ఇంకా కాలుతోంది.
"పాటు మొదలైపోతంది," మా ఆయన.
"పోనీ."
"నీళ్ళు తగ్గితే పడవ దిగదే!"
"సాయంత్రం పోటు రాదా?"
జనం నవ్వారు.
వీరాస్వామి నవ్వలేదు.
నడుం పట్టుకుని వచ్చి
రెండో చక్రం మీద చెయ్యేశాడు.

చెరో చక్రం దగ్గరా ఇద్దరం గొంతుక్కూచున్నాం.
గోదారి ఓ జానెడు వెనక్కి జరిగింది.
చెయ్యి కింద ఇనుము
మెల్లగా
నా ఒంటి వేడికి వచ్చింది.