తీసివేత లెక్క

బెళుగుప్ప దాటినాక మూడో మలుపులో మా బడి.
రెండు గదులు, పద్దెనిమిది మంది పిల్లోళ్లు,
ప్రహరీ మీద నీలం పెయింటు అక్షరాలు:
"సుస్తిరాభివృద్ధి మనందరి బాధ్యత."
కళ్యాణదుర్గం పెయింటరు ఒక ఒత్తు తప్పు రాసి పోయినాడు.
సుస్తి అంటే జొరమని పిల్లోళ్లకు తెలుసు.
"ఎవరికి టీచర్?" అని అడిగినారు.

ఈ వారం ఆ మాట నేర్పాలని కాగితం వచ్చింది,
నేర్పినట్టు ఫోటో పంపాలని కూడా.
మూడో తరగతికి నోరు తిరగదు.
నాకు మాత్రం తిరుగుతుందా?

అందుకే లెక్కల గంటలో పెట్టుకున్నా.
"ఇంట్లో అడిగి రాండి,
నీళ్లు ఎన్ని అడుగుల్లో పడినాయో."

తెల్లారి పలకల నిండా అంకెలు.
హనుమక్క వాళ్ల జేజినాయన బాయి, ముప్పై అయిదు.
నాయన మొదటి బోరు రెండు నూర్ల పది.
తర్వాతది నాలుగు నూర్ల ఎనభై.
ఆ తర్వాతది ఏడు నూర్లు,
పక్కన "దుమ్ము" అని రాసుకొచ్చింది.
షేక్షావలి పలక మీద ఒకటే అంకె,
తొమ్మిది నూర్ల అరవై.
దాని గురించి ఇంట్లో మాట్లాడద్దన్నారంట.

పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి.
చాలకపోతే పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోండి.
ఏటా ఈ మాట దగ్గర ఎవరో ఒకరు ఆగుతారు.
ఈసారి అప్పంటే ఏందని ఒక్కరూ అడగలేదు.

బోర్డు మీద జేజినాయన, నాయన,
వాళ్ల కింద "నువ్వు" అని రాసి ఖాళీ వదిలినా.
తిప్పేస్వామి ఎగిరి లేచినాడు,
"పదహైదు నూర్లు!"
చప్పట్లు కొట్టినారు కొందరు.
నాగరత్న చాక్‌పీసు పట్టుకొని
ఖాళీ ముందర చానాసేపు నిలబడింది.
"టీచర్, దీంట్లో కూడిక ఎప్పుడొస్తుంది?"

గంట కొట్టినారు. అన్నం టైము.
నా దగ్గర జవాబు లేదు, గుడ్లు పంచినా.

ఆ మధ్యాన్నం తట్టలు కడిగిన నీళ్లు
రోడ్డు మీదికి పోకుండా
వాళ్లే తొలికెతో కాలువ గీసినారు,
వంకర టింకరగా, మునగ మొక్క దాకా.
నేను చెప్పలేదు. ఆపలేదు కూడా.
ఫోటో తీసి పంపితే ఫోన్ వచ్చింది:
"గోడ మీద స్లోగన్ కనపడ్లేదమ్మా, మళ్లా తీయండి."

చెనిక్కాయకు ఊడలు దిగే నాళ్లలో
ఒక రాత్రి వాన.
సీసా కోసి, స్కేలు అంటించి
బడి మిద్దె మీద పెట్టినాం కదా,
పొద్దున్నే నాగరత్న నిచ్చెనెక్కి చూసింది.
దిగి, తడికాళ్లతో తిన్నగా బోర్డు దగ్గరికి పోయి
"నువ్వు" పక్కన రాసింది:
కూడిక గుర్తు, పదకొండు.

అడుగుల్లో మిల్లీమీటర్లు కలపకూడదు.
ఆ పాఠం చెప్పింది నేనే.
డస్టరు చేతిలోనే ఉంది.