సదురు

నల్లగొండ క్లాక్ టవర్ ఎనక, మెట్ల కింది ప్రెస్సుల
ప్రూఫులు దిద్దేటోణ్ణి నేను.
ముంపు ఊరోళ్ళ కరపత్రమొచ్చింది:
"ఊరంతా సదురుకోని ఎటు పోవాలె?"
ఎర్రసిరా గీకి 'సర్దుకొని' అని రాసిన.

సైదమ్మ మారు మాట్లాడలే.
చిమ్టతోటి సీసపు అక్షరాలు లేపింది.
ఎనకున్న 'రు' ముంగటికొచ్చె,
ముంగటున్న 'ద' ఒత్తై దాని కాళ్ళకింద దూరె.
"సూడు సారూ, మాట గూడ సదురుకున్నది" అన్నది.

ఆ రాత్రి నిఘంటువు తిరగేసిన.
'సవదరించు' అని ఓ పాత మాట.
దీనికి తాతేమో, నేనైతే ఒట్టు పెట్ట.
నడుమ 'వ' ఏ బాటల రాలిపోయిందో
ఎవ్వలూ ఎతకలే.

మా ఇంట్ల సదురుడంటే పక్కబట్టలు.
దేవరకొండ బస్సుల, జరంత జరుగుడు.
పంచాయితిల, ఓడినోని భుజం తట్టుడు.
ఊరిని సదురుడంటే ఏందో
ఏ పేజీల లేదు.

తెల్లారి పోయి నా ఎర్రగీత నేనే కొట్టేసిన.
సైదమ్మ ఒత్తును దాని గడిల ఏసి
నిండు 'దు' కోసం దేవులాడుతున్నది.
ఆ గడి ఖాళీ.
ఏదో పెండ్లికార్డుల బిగిసున్నదంట,
పొద్దూకేదాక ఆగుమన్నది.