మూడో శవం

ఎనిమిదీ పన్నెండుకి నన్ను చంపేశారు.
టీ ట్రాలీ తోసుకుంటూ హాల్లోకి వచ్చేసరికి
తెర మీద నేను,
రైల్వే వెయిటింగ్ రూమ్ నేల మీద వెల్లకిలా,
ఒక చెప్పు ఊడిపోయి.

డార్లింగ్టన్‌లో ఈ కేర్ హోమ్‌లో నాది రాత్రి డ్యూటీ.
పోయిన ఫిబ్రవరిలో రెండు రోజులు సెలవు పెట్టి
ఆల్‌స్టన్ కొండల్లో శవంగా పనిచేశాను.
రోజుకి తొంభై పౌన్లు, వేడి సూపు, రానూపోనూ బండి.
కథ మామూలే. మంచులో రైలు ఆగిపోతుంది,
ముక్కూ మొహం తెలియని తొమ్మిది మంది
ఒకే గదిలో చిక్కుకుంటారు,
తొమ్మిదిలో ఒకరు హంతకుడు.
నాకు పేరు పెట్టలేదు.
కాగితంలో రెండే ముక్కలు: మూడో శవం.

"కదలకు" అన్నాడు డైరెక్టర్ కింద కుర్రాడు.
చచ్చినట్టు పడుకున్నాను.
ఇన్నేళ్ళుగా వాడుతున్న మాటే,
ఆ రాతినేల మీద గాని అర్థం కాలేదు.
ఊపిరి బిగబట్టి మనసులో ఎక్కాలు చదివేదాన్ని.
పదమూడో ఎక్కం దగ్గర ఎప్పుడూ తప్పేది,
రెప్ప కొట్టుకునేది.
మళ్ళీ చంపేవాళ్ళు.
ఏడుసార్లు.

హంతకుడెవరో మాకెవరికీ చెప్పలేదు.
షాటుకీ షాటుకీ మధ్య ఒకాయన,
నెరిసిన గడ్డం, పాస్టర్ వేషం,
తన దుప్పటి తెచ్చి నా కాళ్ళ చుట్టూ దోపేవాడు.
"శవానికైనా చలి చలేనమ్మా" అనేవాడు.

హాల్లో ఇప్పుడు పందేలు సాగుతున్నాయి.
ఓలరెన్‌షా గారు డాక్టరే అంటాడు, రెండు బిస్కెట్లు కాశాడు.
బెరిల్ గారు రైలు గార్డు మీద.
నన్నెవరూ గుర్తుపట్టలేదు.
చక్కెర ఎన్ని చెంచాలని అడిగే మనిషి వేరు,
అక్కడ సుద్దగీత లోపల పడున్న మనిషి వేరు.

ఒక్క వినిఫ్రెడ్‌కి తప్ప.
నిన్న కొడుకు పేరు మరిచిపోయింది,
పొద్దున దువ్వెనతో పళ్ళు తోముకోబోయింది.
ఆమె తెరని చూసింది, నన్ను చూసింది,
మళ్ళీ తెరని.
కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచింది.
"ఎవరు చేశారే నిన్నిలా?"
నా మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టింది.
ముప్ఫై ఏళ్ళు నర్సట.
తల వదిలేసింది గాని వేళ్ళు వదల్లేదు.
పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది,
పదమూడు దాటింది, ఇరవై దాటింది,
టీ చల్లారిపోతోంది, నేను కదల్లేదు.

"వెచ్చగానే ఉన్నావు" అంది చివరికి.
"వెచ్చగా ఉండు."

మా అమ్మమ్మ చల్లగా ఉండమనేది.
రామగుండం ఎండల్లో బతికిన మనిషి,
ఆవిడకి తెలిసిన స్వర్గం అది.

ప్రకటనలయ్యాక హంతకుడు దొరికాడు.
పాస్టరే.
సంకెళ్ళు వేస్తుంటే కూడా ఎంత మర్యాదగా నిలబడ్డాడో.
ఓలరెన్‌షా గారు బిస్కెట్లు బెరిల్ వైపు తోసి,
ఆవిడా గెలవలేదని గుర్తొచ్చి, వెనక్కి లాక్కున్నాడు.
"క్రిస్మస్‌కి మనం ఇరవై ముగ్గురం,
ఇవాళ పంతొమ్మిది.
మన కొంపకి డిటెక్టివు రాడేం?"
అందరూ నవ్వారు.
బెరిల్ గారికి పొలమారింది, వీపు నిమిరాను.

తెర మీద పేర్లు గబగబా పైకి పోయాయి.
నాది ఉందో లేదో, చూసే వీల్లేదు,
వినిఫ్రెడ్ చెయ్యి వదిలితేగా.

పదింటికి వీధి తలుపు కోడ్ నొక్కాను.
లోపల మేమంతా.
గది తరువాత గది, దుప్పట్లు సర్దుతూ వెళ్ళాను,
పాదాల దగ్గర అంచులు లోపలికి దోపి,
మెల్లగా, నిద్ర చెడకుండా,
సరిగ్గా అతను దోపినట్టే.