ఫరవాలేదు

శుక్రవారం, ఆఖరాట.
హల్ ఊళ్లో, ఒకప్పటి పళ్ల గోదాంలో
డెబ్భై కుర్చీల సినిమా హాలు.
తడిసిన కోట్లతో పదకొండు మందిమి.

తెర మీద జపాన్. బడి వదిలే వేళ.
మూతికి మాస్కు కట్టుకున్న మనిషి
ఒంటరిగా వెళ్లే పిల్లల్ని ఆపి అడుగుతుంది:
నేను అందంగా ఉన్నానా?
అవునంటే మాస్కు తీస్తుంది.
చెవి నుంచి చెవికి చీలిన నోరు.
ఇప్పుడో? అంటుంది
కత్తెర ఆడిస్తూ.

బ్రొన్విన్ నా మోచెయ్యి గిల్లింది.
నేను కుట్లు లెక్కపెడుతున్నాను.
లోపలి పొరకి కరిగే దారం, పైన నైలాన్,
పెదవి అంచు ముందు కలవాలి,
వెంట్రుకవాసి తేడా వచ్చినా నవ్వినప్పుడల్లా బయటపడుతుంది.
ఈమెని ఎవరూ ఆసుపత్రికి తీసుకురాలేదా?

మా వీధి తలుపులన్నిటి మీదా
సుద్దముక్కతో 'రేపు రా' అని రాసిన ఏడాది
నాకు ఏడేళ్లు.
చదివి వెళ్లిపోయేదట. చదువొచ్చిన దయ్యం.
మర్నాడొచ్చి మళ్లీ అదే చదువుకునేది.
ఇవాళ రా అని
ఒక్క తలుపూ అనలేదు.

పధ్నాలుగేళ్లుగా ముఖాల వార్డులో నర్సుని.
కట్టు విప్పిన పూట అందరిదీ ఆ ప్రశ్నే.
కొందరు అడగరు, అద్దం బోర్లిస్తారు.
మొన్న కెల్సీ, కుక్క కరిచిన పిల్ల, తొమ్మిదేళ్లు,
మాట్లాడొద్దన్నామని తెల్ల పలక మీద రాసి చూపింది.
అవునన్నాను.
మరీ తొందరగా అన్నాను.
నా కళ్లలోకి ఓసారి చూసి
మాస్కు పైకి లాక్కుంది.

సినిమాలో చాకలి దుకాణం ముసలామె
తప్పించుకునే దారి చెబుతుంది:
అవుననకు, కాదనకు,
ఆమె ఆలోచనలో పడుతుంది, అప్పుడు పరిగెత్తు.
కింద ఇంగ్లీషులో ఏదో చప్పటి మాట పడింది.
నాకు వినబడింది మాత్రం
ఫరవాలేదు.
కూరెలా ఉందంటే అదే మాట,
మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తుంటే
ఒళ్లోకి లాక్కుని అన్నదీ అదే.
ఆ దయ్యం ఆగింది
బెదిరి కాదేమో.

బయట హంబర్ మీంచి గాలి.
మీగడ రంగు ఫోను బూత్ పక్కన
మాస్కు కట్టుకున్న ఒకామె
ఆఖరి బస్సు వెళ్లిపోయిందా అని అడిగింది.
బ్రొన్విన్ కెవ్వుమంది. ముగ్గురం నవ్వాం.
ఆమె మాస్కు వెనక ఎలా నవ్విందో తెలీదు.

సోమవారం కెల్సీకి కుట్లు విప్పాలి.
మాస్కు నా మూతికి,
కత్తెర నా చేతిలో.
ముందు నేనే మాస్కు దించి,
ఈ గారపళ్లు, ఈ పుట్టుమచ్చ చూపించి,
ఎలా ఉన్నానే? అని అడుగుతాను.
అది చెయ్యి ఇటూ అటూ ఊపితే
చాలు.