గాలి ఎటు

దుప్పట్లు ఆరేసే ముందు
మెవ్లీదా చిమ్నీ వైపు చూస్తుంది.

పొగ నది మీదికి వాలితే తెల్లవి ఆరేయొచ్చు.
కొండవైపు వాలితే రంగువి మాత్రమే.
గాలి ఆడక నిట్టనిలువుగా నిలబడిందా,
బకెట్టు ఎత్తుకుని లోపలికి పోవడమే.
బోస్నియాలో, ఈ లోయలో పుట్టిన ఆడపిల్లలకి
అక్షరాలకంటే ముందు పట్టుబడే చదువు.

భర్త రెఫిక్ అందులోనే పనిచేశాడు,
మూడో యూనిట్, బాయిలర్ దగ్గర.
ఇంటికొచ్చి చొక్కా విప్పితే
మెడ చుట్టూ గీత: కింద తెలుపు, పైన బొగ్గు.
రెండు దేశాల సరిహద్దులా ఉందని
ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు.
యుద్ధం వచ్చాక
సరిహద్దుల మీద ఎవరూ నవ్వలేదు.

ఆ యుద్ధంలోనే ఒక చలికాలం
బొగ్గు అందక పొగ సన్నబడింది.
తెల్లారేసరికి వాకిలంతా మంచు, తెల్లగా.
నాలుగేళ్ళ సెనాదా గడప దాటలేదు.
‘అమ్మా, మంచుకి ఏమైంది?’ అని
తల్లి గౌను పట్టుకుని ఏడ్చింది.

కొండ వెనక లిప్యే అని ఊరుండేది.
లిండెన్ చెట్ల పేరు పెట్టుకున్న ఊరు.
రెఫిక్ తల్లి చెర్రీ తోట అక్కడే,
ఇప్పుడు ఎన్ని నిలువుల లోతునో.
నదిని తోడి బూడిదలో కలిపి
లావుపాటి గొట్టంలో రాత్రీపగలూ అక్కడ పోస్తారు.
బూడిదలో పోసింది పన్నీరేం కాదు,
ఒట్టి నీళ్ళే,
మిరప మళ్ళు తాగాల్సిన నీళ్ళు.

ఆ చెరువు రంగు చూడాలి!
నెమలి మెడ దగ్గర దొంగిలించినట్టుంటుంది.
పట్నం నుంచి కొత్త జంటలు
ఫొటోలకని కార్లేసుకుని వస్తారు.
పెళ్ళికూతురి గౌను అంచు తడిస్తే
ఫొటోగ్రాఫర్ చిన్నగా అంటాడు:
‘ఇంటికెళ్ళగానే ఉతికించండి.’
కప్ప లేదు. చేప లేదు. దోమ కూడా లేదు,
అదొక్కటే మేలంటాడు కాపలావాడు.

ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి డాక్టర్ అడిగాడు,
‘రోజుకెన్ని సిగరెట్లు?’
‘ఎప్పుడూ అంటించలేదు.’
‘మరి?’
రెఫిక్ కిటికీలోంచి చూశాడు.
డాక్టర్ కూడా అటే చూశాడు.
కిటికీ కింద రేడియేటర్ వెచ్చగా ఉంది.
ఆ వెచ్చదనం వచ్చేదీ
అక్కడినుంచే.

పింఛను నెలనెలా వస్తోంది, రెఫిక్ పేరు మీద.
పెట్టిన చేతిని తిట్టకూడదంటుంది మెవ్లీదా.
అంటూనే తిడుతుంది,
కాఫీ మీద తేలిన నుసిని చెంచాతో తీస్తూ.
తిట్టి, మిగతాది తాగుతుంది.

మార్చి నెలలో ఒక మంగళవారం
మూడో యూనిట్‌ని శాశ్వతంగా ఆపేశారు.
మిగతావి అంతకుముందే ఆగాయి.
టీవీ వాళ్ళు వచ్చారు, బెలూన్లు కట్టారు.
గేటు దగ్గర నలుగురు మగాళ్ళు
హెల్మెట్లు చంకలో పెట్టుకుని నిలబడ్డారు,
ఎవరింట్లోనో చావు పలకరింపుకి వచ్చినట్టు.

బుధవారం పొద్దున
తడి దుప్పటి భుజాన వేసుకుని
అలవాటుగా తలెత్తింది మెవ్లీదా.

చిమ్నీ ఉంది. పొగ లేదు.
ఆకాశం ఏమీ చెప్పడంలేదు.

దుప్పటి నీళ్ళు వీపు మీదుగా కారుతున్నాయి.
ఎటు గాలి? ఎవరినడగాలి?
చూపుడువేలు నోట్లో తడిపి
పైకెత్తి పట్టుకుంది, చిన్నపిల్లలా.
చలి తగిలింది కానీ
ఏ పక్కనుంచో తేల్చుకోలేకపోయింది.
పోనీలే అనుకుని, జీవితంలో మొదటిసారి
తెల్లవన్నీ ఒకేసారి ఆరేసింది.
పక్కింటి ఫాదిల్ గోడమీంచి చప్పట్లు కొట్టాడు.

గొట్టం ఆగిన చెరువు
అంచుల దగ్గర ఎండుతోంది.
నీళ్ళు దిగినకొద్దీ పొడి లేస్తోంది,
పొగ లేకుండా,
ముందు చెప్పకుండా.

సాయంత్రం దుప్పటి తీయబోతూ
దాని మీద వేలితో గీసింది మెవ్లీదా.
వేలు చూసుకుంది.

కొనకి అంటుకుని
లిప్యే.